శరీరంలో నీటి లెక్క

కాళ్లకు నీరు పట్టడం మనిషికి ఎప్పటినుంచో తెలుసు. ఆ నీరు ఎక్కడినుంచి వస్తుంది, ఏ దారిన పోతుంది అన్నది మాత్రం 19వ శతాబ్దం చివరిదాకా తేలలేదు.

కణజాలంలోని ఆ నీటిని (లింఫ్‌ను) మోసే లింఫ్ నాళాలు అంతకు చాలా ముందే కంటబడ్డాయి. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పారో అసెల్లి, అప్పుడే తిండి తిన్న కుక్క పొట్ట కోసి చూస్తే పేగుల మీద తెల్లటి దారాలు కనిపించాయి. నరాలేమో అనుకుని ఒకదాన్ని కోస్తే పాలలాంటి ద్రవం కారింది. అది చివరికి రక్తంలోనే కలుస్తుందని 1651లో ఫ్రెంచి వైద్యుడు జాన్ పెకే చూపాడు. లింఫ్ పుట్టే తీరు మీదే తగవంతా. రక్తం ఒత్తిడికి వడకట్టుకుని వస్తుందని కార్ల్ లుడ్విగ్, నాళాల గోడలే స్రవిస్తాయని రుడాల్ఫ్ హైడెన్‌హైన్ వాదించారు.

1896లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ దీనికి దారి చూపాడు. కుక్క కాలి కణజాలంలోకి ఉప్పునీరు ఎక్కిస్తే రక్తం పీల్చుకుంది. ప్రొటీన్లున్న సీరం ఎక్కిస్తే పీల్చుకోలేదు. అంటే రక్తపు ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది, రక్తంలోని ప్రొటీన్లు లోపలికి లాగుతాయి. ఎంత గొప్ప ఆలోచన! ఈనాడు ఆయన పేరుతో చెలామణి అయ్యే సమీకరణాన్ని మాత్రం ఆయన రాయలేదు. 1920లలో యూజీన్ లాండిస్ కప్ప కేశనాళికల్లోకి (అతి సన్నని రక్తనాళాల్లోకి) సన్నని గాజు సూది గుచ్చి ఒత్తిడి కొలిచాడు. 1948లో పాపెన్‌హైమర్, సోటో-రివెరా పిల్లుల, కుక్కల కాళ్లలో ఆ తూకాన్ని అంకెల్లోకి దించారు.

అక్కడినుంచి పాఠ్యపుస్తకాల్లో ఒక బొమ్మ స్థిరపడింది: ధమని వైపు నీరు బయటికి, సిర వైపు చాలామటుకు లోపలికి, మిగిలిన కాస్తే లింఫ్‌కు.

1987లో మిషెల్, ఫిలిప్స్ కప్ప కేశనాళికల్లో ఒత్తిడి తగ్గించి చూశారు. నీరు లోపలికి వచ్చింది, కానీ కొద్దిసేపే. బయట ప్రొటీన్లు చిక్కబడగానే ఆగిపోయింది. స్టార్లింగ్ సీరం ప్రయోగంలో ఈ సూచన అప్పుడే ఉంది! 2010లో లెవిక్, మిషెల్ తేల్చిందేమంటే, పేగులు, మూత్రపిండాల వంటివి తప్పిస్తే చాలా కణజాలాల్లో సిర వైపు నిలకడైన పీల్పు లేదు. బయటికి వచ్చిన నీరు దాదాపు అంతా లింఫ్ దారినే వెనక్కి వెళ్లాలి.

కోస్తా ఆంధ్రలో తరతరాలుగా బోదకాలు చూసినవాళ్లకు ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఎన్నో పుస్తకాల్లో పాత బొమ్మే ఉంది. పాఠాలు రాసేవాళ్లు, చెప్పేవాళ్లు దాన్ని ఇకనైనా మార్చాలి.