మేస్త్రీ పేరు రాయి మీద

అమెరికాలో మనవాళ్ళు ఇల్లు కొన్న రెండో ఏడో మూడో ఏడో వెనకవైపు డెక్ కట్టించుకుంటారు. కట్టించే ముందు కంట్రాక్టర్ లైసెన్స్ నంబరు నెట్ లో కొట్టి చూసుకుంటారు. అదే మనిషి చిలకలూరిపేట దగ్గర అమ్మానాన్నలున్న ఇంటి ముందు వరండా దింపించాలంటే ఏం చేస్తాడు? "బాబాయ్, మంచి మేస్త్రీ ఎవరన్నా ఉన్నారా?" అని ఊరికి ఫోన్ చేస్తాడు. లైసెన్స్ అన్న మాటే రాదు. ఇదంతా మన నిర్లక్ష్యం అని తేల్చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకలా అనిపించదు. దీని వెనక పెద్ద కథే ఉంది.

కథ నాగార్జునకొండ దగ్గర మొదలుపెడదాం. మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. డబ్బు పెట్టినావిడ పేరు ఉండటంలో వింత లేదు. కానీ ఆ శాసనంలో పని దగ్గరుండి చేయించిన ముగ్గురు భిక్షువుల పేర్లు కూడా ఉన్నాయి: చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు. వీళ్ళని నవకమ్మికులు అనేవారు, అంటే కట్టుబడి పని చూసే బాధ్యులు. ఇక అసలు రాతిపని చేసినవాడు విధికుడు. అతని వృత్తికి వాడిన మాట సేలవడ్ఢకి, మన వడ్రంగికి చుట్టమే.

కట్టించినవాళ్ళు, చూసినవాళ్ళు, కట్టినవాడు ముగ్గురూ ఒకే రాయి మీద! మన భాషలో చెప్పాలంటే గిట్ బ్లేమ్ కొడితే పేరు వచ్చేస్తుంది. (నిజం చెప్పాలంటే అది పుణ్యం కోసం వేసిన పేరు, వారంటీ కోసం కాదు. అయినా పేరు పేరే కదా.) ఈ రోజు గుంటూరులో కొత్తగా కట్టిన ఏ ఇంటి ముందైనా నిలబడి చూడండి. ఇంటిపేరు పాలరాయి మీద ఉంటుంది. మేస్త్రీ పేరు ఎక్కడా ఉండదు.

మేస్త్రీ అన్న మాట కూడా మనది కాదు, పోర్చుగీసు వాళ్ళ 'మెస్త్రె' నుంచి వచ్చింది. పాత పద్ధతిలో ఇల్లు అంటే మట్టిగోడలు, మట్టిమిద్దె, కాస్త కలిగినవాళ్ళకి గానుగసున్నం, పల్నాటి నాపరాళ్ళు. కట్టేవాడు ఆ ఊరివాడో పక్క ఊరివాడో. కూలిలో కొంత గింజల్లో ముట్టేది. గోడ పగిలితే వాణ్ణి రచ్చబండ దగ్గర పట్టుకోవచ్చు. వాడికి వచ్చే ఏడు పని దొరకాలంటే ఈ ఏడు కట్టిన గోడ నిలబడాలి. లైసెన్స్ చెయ్యాల్సిన పని ఊరే చేసేది. దాన్ని నేను పొగడటం లేదు, ఆ మేస్త్రీకి ఊళ్ళో ఏపాటి గౌరవం దక్కేదో అందరికీ తెలిసిందే. కానీ ఏర్పాటు ఒకటి ఉండేది.

మరి కంట్రాక్టర్ ఎక్కడినుంచి వచ్చాడు? సర్కారు పనుల నుంచి. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1852లో మొదలై 1855కి పూర్తయింది. డల్హౌసీ 1854లో ప్రజా పనుల శాఖ పెట్టాడు. ఆ శాఖ పద్ధతులే ఇప్పటికీ మన ఇంజనీర్ల నోళ్ళలో నలుగుతున్నాయి: టెండరు, ధరావతు, ఎం-బుక్. కంట్రాక్టర్లకి క్లాసులు పెట్టి రిజిస్టర్ చేసేది ఎంత విలువ పని ఇవ్వొచ్చో చూసుకోవడానికి. కట్టాక కొంత కాలం లోపాలు వస్తే సొంత ఖర్చుతో సరిచేయాలి, అప్పటిదాకా కొంత డబ్బు శాఖ దగ్గరే ఉంటుంది. చక్కటి ఏర్పాటు. కానీ ఇదంతా ఎవరి డబ్బు కాపాడటానికి? సర్కారు డబ్బు. సొంత ఇంటికి వరండా దింపుకునే రైతు ఈ లెక్కలో ఎక్కడా లేడు. నా దృష్టిలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

నాగార్జునసాగర్ కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్ళొదిలారు. విధికుడు పని చేసిన లోయ ఆ నీళ్ళకింద మునిగింది (కట్టడాలు కొన్ని కొండ మీదకి తరలించారు). కుడి కాలవ కింద పత్తి, మిరప డబ్బు వచ్చింది. డబ్బుతో పాటు డాబా మీద ఆశ వచ్చింది. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లోనే వచ్చినా, సిమెంటు మాత్రం చాలాకాలం కంట్రోల్ సరుకు. బస్తాల కోసం పర్మిట్ పట్టుకుని తిరగాల్సిందే. 1982లో కొంత, 1989లో పూర్తిగా కంట్రోల్ ఎత్తేశారు. అంటే సిమెంటుకి లైసెన్స్ ఉన్న రోజుల్లోనూ దాన్ని కలిపే చేతికి లైసెన్స్ లేదు! కంట్రోల్ పోయాక స్లాబు ఇళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. పనివాళ్ళు శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వస్తున్నారు. రచ్చబండ దగ్గర పట్టుకోవడానికి ఎవరూ లేరు.

ఇంకోటి, మన నేల. గుంటూరు, ప్రకాశం పత్తి పొలాల నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఉంటుంది. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని బెత్తెడు నెర్రెలిస్తుంది. ఈ కదలిక సుమారుగా 3.5 మీటర్ల లోతు దాకా ఉండొచ్చు. మట్టిగోడ, సున్నం గోడ ఈ ఊగిసలాటకి కాస్త సర్దుకుంటాయి. పగులు పూడుకుంటే సరి. సిమెంటు గోడ సర్దుకోదు, చిట్లుతుంది. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు నల్లరేగడి కోసమే అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన పైల్స్ రూపొందించారు. కదలని మట్టి దాకా దిగి అక్కడ పట్టు దొరకబుచ్చుకోవడం వాటి పని. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి గారు ఉబ్బని మట్టి పొరతో రేగడిని అదిమిపెట్టే పద్ధతి తెచ్చారు.

ఇప్పుడు పాత ఇంటికి వరండా తగిలించే సంగతి చూడండి. పాత ఇల్లు ఇరవై ఏళ్ళుగా నేల మీద సర్దుకుని ఉంది, కింద మట్టి తేమ ఒక స్థాయికి వచ్చింది. కొత్త వరండా రెండడుగుల పునాది మీద, ఎండావానా తగిలే అంచున నిలబడుతుంది. రెంటినీ ఒకే గోడలా కలిపి కడితే మొదటి ఎండాకాలానికే అతుకు దగ్గర నిలువు పగులు. మా బంధువుల ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. "నేల చెడ్డది సార్" అన్నాడు మేస్త్రీ. నేల చెడ్డదని కట్టక ముందు ఎవరు చెప్పాలి?

ప్లాన్ గీసిన ఇంజనీరు చెప్పాలి అంటారా? ఆంధ్రప్రదేశ్ లో మునిసిపాలిటీకి ప్లాన్ పెట్టాలంటే లైసెన్స్ ఉన్న సాంకేతిక నిపుణుడి సంతకం కావాలి. ఆర్కిటెక్టు అని పేరు పెట్టుకోవాలన్నా 1972 చట్టం కింద రిజిస్టర్ కావాలి. అంటే మన దగ్గర లైసెన్స్ కాగితానికి ఉంది, తాపీకి లేదు. చాలా ఇళ్ళకి ఆ సంతకం పెట్టినాయన పునాది గుంట మొహం కూడా చూడడు. 2016 మే నెలలో గుంటూరు లక్ష్మీపురంలో సెల్లార్ తవ్వుతుంటే మట్టి విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. గోడ పగులు ఇంటాయన బాధ. గుంట కూలితే పోయేది కూలివాడి ప్రాణం.

కాలిఫోర్నియాలో కంట్రాక్టర్ల లైసెన్స్ వ్యవస్థ 1929లో వచ్చింది. నాలుగేళ్ళ అనుభవం చూపించాలి, పరీక్ష పాసవ్వాలి, 25,000 డాలర్ల బాండు పెట్టాలి. ఇంటి పనికి అడ్వాన్సు 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. లైసెన్స్ లేకుండా పని చేసినవాడు డబ్బుల కోసం కోర్టుకి కూడా వెళ్ళలేడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ 2015 జూన్ 16న బర్కిలీలో ఒక బాల్కనీ విరిగి ఆరుగురు విద్యార్థులు చనిపోయారు. నీళ్ళు దిగి దూలాలు పుచ్చిపోయాయి. కట్టిన కంపెనీకి లైసెన్స్ ఉంది! వేరే కేసుల్లో అది కోట్ల డాలర్ల సెటిల్మెంట్లు కట్టిన విషయం లైసెన్స్ బోర్డుకి తెలియనే తెలియదు, తెలపాలని చట్టమూ అప్పట్లో లేదు. ఆ తర్వాత చట్టాలు మార్చారు. అన్నట్టు డాలస్ లో ఉండేవాళ్ళు మరీ సంబరపడకండి, టెక్సాస్ లో జనరల్ కంట్రాక్టర్ కి రాష్ట్ర లైసెన్స్ అంటూ లేదు. ఉన్నది ప్లంబరుకీ ఎలక్ట్రీషియన్ కీ :)

మనకి మాత్రం ఏమీ లేదా అంటే, ఉంది. 1993లో వినియోగదారుల చట్టంలో ఇళ్ళ నిర్మాణాన్ని కూడా సేవగా చేర్చారు. అదే ఏడు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2016 రెరా చట్టం అయిదేళ్ళ బాధ్యత పెట్టింది కానీ అది అమ్మడానికి కట్టే ప్రమోటర్ల మీద, సొంత స్థలంలో మేస్త్రీతో కట్టించుకునే వాళ్ళకి వర్తించదు. వినియోగదారుల కమిషన్ కి వెళ్ళాలన్నా చేతిలో కాగితం ఉండాలి. మన దగ్గర ఉండేది చదరపు అడుగు రేటు రాసుకున్న సిగరెట్ పెట్టె అట్ట.

కాబట్టి ఆ అట్ట బదులు ఒక పేజీ రాసుకోండి. మేస్త్రీ పేరు, ఊరు, పునాది లోతు, పాత గోడకీ కొత్త గోడకీ మధ్య వదిలే సందు. పీడబ్ల్యూడీ వాళ్ళ దగ్గర ఒక్కటి అరువు తెచ్చుకోండి: మొత్తంలో పదో వంతు ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాకే ఇస్తామని. "నమ్మకం లేదా సార్" అంటాడు మేస్త్రీ. ఒప్పుకునేవాడు దొరికితే రేటు కాస్త ఎక్కువ అడుగుతాడు. ఇవ్వొచ్చు.