సైబీరియా పక్షులు కావండీ, మన ఊరివే!

చలికాలం మొదలవగానే మన పేపర్లలో జిల్లా పేజీలో ఒక ఫొటో పడటం ఆనవాయితీ. చెట్టు నిండా పెద్ద పెద్ద తెల్లటి పిట్టలు, పొడుగాటి ముక్కు, దాని కింద జోలెలాంటి సంచీ. ఫొటో కింద "సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చిన అతిథులు" అని ఒక వాక్యం. కొల్లేరైనా, గుంటూరు పక్కన ఉప్పలపాడైనా, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమైనా ఇదే మాట. మా కూచిపూడి వైపు కూడా ఎవర్నడిగినా అదే చెప్తారు. చదువుకున్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా చెప్తారు.

అసలు విషయం ఏంటంటే, ఆ ఫొటోలో ఉండే గూడబాతు సైబీరియా మొహం కూడా చూసి ఉండదు. దాన్ని ఇంగ్లీషులో స్పాట్-బిల్డ్ పెలికాన్ అంటారు. ముక్కు మీద వరసగా మచ్చలుంటాయి కాబట్టి ఆ పేరు. మన దేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దాటి దీనికి వేరే కాపురం లేదు. నీళ్ళు ఎండితే పక్క జిల్లాకో, పక్క రాష్ట్రానికో పోతుంది, అంతే. పుట్టడం ఇక్కడే, పిల్లల్ని పెంచడం ఇక్కడే, పోవడం ఇక్కడే.

నిజంగా వలస వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు, గార్గనీ బాతులు, ఉల్లంకి పిట్టల్లో చాలా రకాలు. ఇవి మధ్య ఆసియా, రష్యా వైపు నుంచి శరదృతువులో దిగుతాయి. శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళిపోయాక ఇవీ మూటాముల్లే సర్దుకోవడం మొదలుపెడతాయి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరిగే ఫాల్గుణ మాసం దాదాపు వీటి తిరుగు ప్రయాణాల సీజను. ఇదేమీ ఊహ కాదు. 1960ల్లో సలీం అలీ ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు మన దేశంలో బాతుల కాళ్ళకి రింగులు తొడిగి వదిలితే, వాటిలో కొన్ని అప్పటి సోవియట్ యూనియన్లో దొరికాయి. మన భాషలో చెప్పాలంటే ఇవి సంక్రాంతి సెలవులకొచ్చే ఎన్నారైలు. గూడబాతు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయి పొలం చూసుకునే బాబాయి లాంటిది. ఫొటో తీసి ఆ బాబాయినే పట్టుకుని "ఎప్పుడొచ్చారు స్టేట్స్ నుంచి?" అని అడుగుతున్నామన్నమాట.

"ఎక్కడిదైతే ఏం, పిట్ట పిట్టే కదా" అంటారా? కాదండీ. తేడా ఎంతుందో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి.

జెర్డన్ అని ఒక ఇంగ్లీషు డాక్టరుండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో నెల్లూరులో కూడా సర్జన్‌గా పనిచేశాడు. 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం వేశాడు. చాలా పిట్టలకి మన తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్న మనిషి. కర్ణాటిక్ ప్రాంతంలో ఒక ఊరి మధ్యలో చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉండటం చూశానని, పక్కనే మనుషులు తిరుగుతున్నా వాటికి లెక్కే లేదని, తరతరాలుగా ఇలాగే ఉన్నాయని ఊరివాళ్ళు చెప్పారని అందులో రాశాడు. అంటే నూట అరవై ఏళ్ళ కిందటే "తరతరాలుగా" అనే మాట పడిపోయింది. అతిథుల గురించి ఎవరైనా అలా చెప్తారా?

తర్వాత 1902లో రేనియస్ అనే ఆయన కడప జిల్లాలో ఒక పల్లెలో ఇంకో గూళ్ళ కాలనీ చూశాడు. మార్చి నెలలో, ఎర్రకాళ్ళ కొంగలతో కలిసి పిల్లల్ని పెంచుతున్నాయి. మళ్ళీ ఆ కాలనీ ఎవరికీ కనపడలేదు.

ఇక మన డెల్టా కథ. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ ఇంగ్లీషు మాష్టారు పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు అనే ఊళ్ళో గూడబాతుల కాలనీని కనిపెట్టాడు. "కనిపెట్టాడు" అనేది పుస్తకాల భాష. ఊరివాళ్ళకి అవి ఎప్పట్నుంచో తెలుసు, బయటి ప్రపంచానికి తెలియడం అప్పుడు. సుమారు మూడు వేల గూడబాతులు అక్కడ గూళ్ళు పెడుతున్నాయి. 1949లో బాంబే సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. ఈయనే తర్వాత ఇందుచూడన్ పేరుతో కేరళ పక్షుల మీద మలయాళంలో పుస్తకం రాసి (1958) అక్కడ ఒక తరానికి పిట్టల పిచ్చి పట్టించాడు. ఆయన మన జిల్లాలో చూసిన కాలనీ గురించి మనలో ఎంతమందికి తెలుసు?

1975 వచ్చేసరికి ఆ కాలనీ ఖాళీ. ముప్ఫై ఏళ్ళలో మూడు వేల పిట్టల ఊరు మాయం. వాటిని అతిథులనుకుంటే "వెళ్ళిపోయాయి, మళ్ళీ వస్తాయిలే" అనుకుని ఊరుకోవచ్చు. స్థానికులనుకుంటే మాత్రం అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది. ఇల్లు పోయిందా? ఎవరు తీసేశారు?

గూడబాతుకి కావాల్సినవి మూడే. గూడు కట్టుకోవడానికి చెట్లు, చేపలకి లోతు తక్కువ నీళ్ళు, పిల్లలు ఎగిరేదాకా నాలుగైదు నెలలు మనుషుల అల్లరి లేకపోవడం. చెట్లు ఎవరిదో పెరట్లోనో గట్టు మీదో ఉంటాయి. ఆసామి నరికేస్తే పిట్ట కోర్టుకెళ్ళలేదు. ఇక నీళ్ళ సంగతి కొల్లేటి చాంతాడంత కథ, వీలైనంత పొట్టిగా చెప్తాను.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్యన ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు, రెండు డెల్టాల మురుగు కాలవలు వచ్చి అందులో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. అందుకే దీని విస్తీర్ణం ఒక్క అంకెలో చెప్పలేం. సముద్రమట్టానికి మూడడుగుల కాంటూరు దాకా లెక్కేస్తే 135 చదరపు కిలోమీటర్లు, ఐదడుగుల దాకా అయితే 308, పదడుగుల దాకా అయితే 901. తగ్గినప్పుడు పొడిగా కనపడ్డ నేల ఖాళీ నేల కాదు, సరస్సుదే. కానీ మన కళ్ళకి అది ఖాళీగానే కనిపించింది.

1970ల మధ్యలో ప్రభుత్వమే ఇక్కడి పేద మత్స్యకారులకి సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. 1980ల తర్వాత కట్ల, రోహు ఐసు పెట్టెల్లో హౌరాకి లారీలెక్కడం మొదలయ్యాక పెట్టుబడిదారులు దిగారు. 2001 ఫిబ్రవరి 9న మన ఉపగ్రహం తీసిన చిత్రం చూస్తే, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులు, ఇంకో 8.5 శాతం సాగు. ఉన్న చెరువులు 1050. తేటగా కనపడే సరస్సు నీరు ఆ చిత్రంలో ఎక్కడా లేదు!

విచిత్రమేంటంటే అప్పటికే కాగితం మీద రక్షణంతా ఉంది. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గట్లు పగలగొట్టారు. అప్పుడు బినామీ ఆసాములతో పాటు నిజంగా చేప మీదే బతికే కుటుంబాలూ దెబ్బతిన్నాయి, వాళ్ళ గోడు తీసిపారేసేది కాదు. 2008లో శాసనసభ హద్దుని ఐదు నుంచి మూడో కాంటూరుకి కుదించమని తీర్మానం చేసింది. అది పరిశీలించిన నిపుణుల కమిటీ కుదించొద్దంది. పగలగొట్టిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి.

అయినా గూడబాతులు తిరిగొచ్చాయి. కూచిపూడి నుంచి పామర్రు, గుడివాడ మీదుగా కైకలూరు వెళ్తే పక్కనే ఆటపాక. (కైకలూరు 2022 నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది.) అక్కడ చెరువులో ఉన్న చెట్లు సరిపోక అటవీశాఖ వాళ్ళు ఇనప స్టాండ్లు పాతారు. గూడబాతులు వాటి మీదే పుల్లలు పేర్చుకుని కాపురం పెట్టేశాయి. ఫిబ్రవరిలో వెళ్తే తల్లి సంచీలోకి తలకాయంతా దూర్చి చేప లాక్కునే పిల్లల్ని పడవలోంచే చూడొచ్చు. నవ్వొస్తుంది. కాసేపటికి ఆ ఇనప చువ్వలు గమనిస్తే ఇంకోలా ఉంటుంది. ఊరి మధ్య చెట్టు మీద దర్జాగా బతికిన జాతికి మనం ఇచ్చిన పునరావాస కాలనీ అది.

చెట్లు మిగిల్చిన ఊళ్ళు కూడా ఉన్నాయి. ఉప్పలపాడులో ఊరి చెరువుల్లో చెట్ల మీద పిట్టలుంటే ఊరివాళ్ళే కాపాడుకుంటున్నారు. నెల్లూరు వైపు నేలపట్టు 1976లో అభయారణ్యమైంది, పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని అక్కడి రైతులకి ఏ సైంటిస్టూ చెప్పక్కర్లేదు. కర్ణాటకలో కొక్కరెబెళ్ళూరులో ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు. ఇలాంటి చోట్ల వల్లే కావచ్చు, ప్రపంచ స్థాయిలో "అపాయంలో ఉన్న జాతి" అన్న ముద్ర నుంచి 2007లో గూడబాతుని ఒక మెట్టు కిందికి దించారు. ఈ ఊళ్ళలో జనం వాటిని చూసే చూపు జెర్డన్ చూసిన ఊరివాళ్ళ చూపే: "ఇవి మావి".

అందుకే ఆ ఫొటో కింద వాక్యం నాకు చిరాకు. అతిథి అంటే మర్యాద చేస్తాం, బాగానే ఉంటుంది. కానీ అతిథికి ఇంట్లో వాటా ఉండదు. మూడో కాంటూరా ఐదో కాంటూరా అని వాదించేటప్పుడు "ఎక్కడి నుంచో వచ్చే పిట్టల కోసం మన భూములొదులుకోవాలా?" అనే మాట చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. ఆ పిట్టలు ఇక్కడివే అని తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా రాదు.

పైగా ఆ నేల పిట్టల కోసమే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఎలా మునిగిందో విజయవాడలో ఇల్లున్న ప్రతి ఐటీ ఉద్యోగికీ తెలుసు. హైదరాబాదులోనో డాలస్‌లోనో కూర్చుని అమ్మానాన్నల ఫోన్ కలవక ఎంతమంది ఆ రాత్రి నిద్రపోలేదో కూడా తెలుసు. బుడమేరు చివరికి వెళ్ళేది కొల్లేటికే. కింద నీళ్ళకి చోటు లేకపోతే పైనున్నవాళ్ళకీ ఏదో ఒకరోజు ఉండదు.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్తే ఒక పూట ఆటపాకకి కేటాయించండి. పక్కన ఎవరైనా పిల్లలకి గూడబాతుని చూపించి "సైబీరియా నుంచొచ్చింది" అని చెప్తుంటే, నెమ్మదిగా, నొచ్చుకోకుండా చెప్పండి: "కాదండీ, మనూరిదే" అని.