నీల్ ప్రతిమ తొలగింపు: స్మరణకు, ఘనతకు మధ్య భేదం

ఉపోద్ఘాతం

2020 జూన్ 7న ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో నిరసనకారులు బానిస వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ ప్రతిమను పడగొట్టి, రేవు నీటిలోకి తోసివేశారు. ఇటువంటి స్మారకాలను బహిరంగ స్థలాల్లో ఉంచవచ్చునా? తీసివేస్తే చరిత్రను చెరిపివేసినట్లు కాదా? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. తెలుగు జిల్లాలు కూడ భాగమైయున్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీ రాజధానిలో 1927లోనే ఇది వీధికెక్కింది. ఆ ప్రతిమ ఒక క్రైస్తవ సేనానిది గనుక సంఘం దానిని ప్రత్యేకంగా పరిశీలించాలి.

1. నీల్ ఎవరు?

జేమ్స్ నీల్ స్కాట్లండుకు చెందినవాడు. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు ఫ్యూజిలియర్స్ దళాధిపతి. 1857 తిరుగుబాటును అణచడానికి మద్రాసు నుండి ఉత్తరాదికి వెళ్లాడు. కాశీ, అలహాబాదు ప్రాంతాల్లో గ్రామాలు తగులబడ్డాయి. సరైన విచారణ లేకుండానే అనేకులను ఉరితీశారు. ఈ సంగతులను బ్రిటిష్ చరిత్రకారుడు జాన్ విలియం కే సైతం దాచలేదు.

కాన్పూరులో 1857 జూలై 15న బీబీఘర్ అనే ఇంట్లో బందీలుగా ఉన్న సుమారు 200 మంది ఆంగ్ల స్త్రీలను, పిల్లలను చంపివేశారు. అది ఘోరమైన నేరం. దానిని తక్కువ చేసి చెప్పకూడదు. అయితే జూలై 25న నీల్ ఇచ్చిన ఆజ్ఞ ఏమిటి? మరణశిక్ష పడినవారు ఉరికి ముందు ఆ ఇంటి నేలమీది రక్తపు మరకలను కొంతమేర శుభ్రం చేయాలి. నిరాకరిస్తే కొరడా దెబ్బలు తినాలి. ఆ రక్తాన్ని ముట్టుకుంటే తమ ఆత్మలు నశిస్తాయని అగ్రవర్ణ సిపాయిలు భయపడతారని అతనికి తెలుసు. తెలిసే ఆ శిక్ష ఎంచుకున్నాడు. తన పనిలో దేవుని హస్తం ఉన్నదని కూడ నమ్మాడు. మనిషి దేహాన్నే కాక అతని ఆత్మను సైతం శిక్షించగోరి, దానికి దేవుని నామం తగిలించడం ఇందులోని అసలు పాపం. 1857 సెప్టెంబరు 25న లక్నోలో నీల్ మరణించాడు. తరువాత మద్రాసు మౌంటు రోడ్డులో అతని కంచు ప్రతిమను నిలిపారు.

2. సత్యాగ్రహం, తొలగింపు

1927లో వాలంటీర్లు సుత్తెలతో, గొడ్డళ్లతో ప్రతిమను కొట్టి అరెస్టయ్యారు. కడలూరుకు చెందిన అంజలై అమ్మాళ్ వంటి స్త్రీలు కూడ జైలుకు వెళ్లారు. గాంధీజీ వారి ఉద్దేశాన్ని సమర్థిస్తూనే అహింసను విడువరాదని హెచ్చరించారు. ప్రభుత్వం అప్పుడు లొంగలేదు. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడిన తరువాతనే ప్రతిమ మౌంటు రోడ్డు నుండి కదిలింది. టంగుటూరి ప్రకాశం పంతులు ఆ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి. ప్రతిమను కరిగించలేదు, అది కాలక్రమాన ఎగ్మూరు మ్యూజియం చేరింది. చరిత్ర చెరిగిపోలేదు. కూడలిలో ఎత్తుగా నిలిపిన ఘనత మాత్రం తొలగింది.

దీనికి తోడు కాన్పూరు సంగతి కూడ చూడాలి. బీబీఘర్ మృతులను పడవేసిన బావిపై బ్రిటిష్ వారు మారోచెట్టి చెక్కిన దేవదూత శిల్పాన్ని నిలిపారు. స్వాతంత్ర్యానంతరం దానిని కూడ అక్కడినుండి తీశారు. కాని పారవేయలేదు, అక్కడి మెమోరియల్ చర్చి ఆవరణలో ఉంచారు. చంపినవాని ప్రతిమ మ్యూజియానికి, చనిపోయినవారి గుర్తు ప్రార్థనా స్థలానికి చేరాయి. ఈ భేదం సమంజసమైనది.

3. లేఖనాల వెలుగు

విగ్రహం అనగానే మనకు పది ఆజ్ఞలు జ్ఞాపకం వస్తాయి. కాని ఇక్కడి ప్రశ్న పూజ గురించి కాదు, ఘనత గురించి. సౌలు తన విజయానికి తానే జ్ఞాపకశిల నిలుపుకొన్నాడు (1 సమూ. 15:12), అదే అధ్యాయంలో అతడు త్రోసివేయబడ్డాడు. మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుని ఆజ్ఞతోనే వచ్చినా, అది ప్రజలను తప్పు దారి పట్టించినప్పుడు హిజ్కియా దానిని పగులగొట్టాడు (2 రాజులు 18:4). ప్రాచీనమైనదన్న కారణం దానిని కాపాడలేదు. యోషీయా బేతేలులో బలిపీఠాన్ని పడగొట్టి, సమాధులలోని ఎముకలను సైతం తీయించి కాల్చాడు. ఆ మధ్యలో ఒక గుర్తును చూసి, అది ఎవరిదని విచారించాడు. దైవజనుని సమాధి అని ఊరివారు చెప్పగా, దాని జోలికి పోవద్దన్నాడు (2 రాజులు 23:15-18). పడగొట్టే చెయ్యి ఆగి, అడిగి తెలుసుకొన్నది. నేటి ఉద్యమకారులకు, వారిని ఎదిరించేవారికి కూడ ఇది అవసరమైన పాఠం.

ముగింపు

నీల్ ప్రతిమ గురించి మాట్లాడేటప్పుడు భారత క్రైస్తవునికి ఒక ఇబ్బంది ఉంది: అతడు పిలిచిన నామాన్నే మనమూ పిలుస్తాం. అందువలన మౌనంగా ఉండిపోవాలనిపిస్తుంది. కాని తీర్పు దేవుని ఇంటియొద్దనే ఆరంభమవుతుందని పేతురు బోధించాడు (1 పేతురు 4:17). కాబట్టి అతడు చేసినది తప్పని ముందుగా చెప్పవలసింది మనమే.

కాపరులు తమ సంఘాల పాత ఆలయాల్లోని గోడ పలకలను ఒకసారి నిదానంగా చదవాలి. అవి ఎవరిని ఘనపరుస్తున్నాయి? ఎవరి కన్నీటిని చెప్పకుండా విడిచాయి? అన్నిటినీ పెరికివేయనక్కరలేదు. కొన్నిటి ప్రక్కన నిజం తెలిపే మరొక పలక చాలు. కొన్నిటిని మాత్రం ఆరాధన స్థలం నుండి తీసి భద్రపరచాలి. సంఘమంతా కూడి, విచారించి, ప్రార్థించి నిర్ణయించాలి. యోషీయా అడిగినట్లు మనమూ అడగాలి: ఈ గుర్తు ఎవరిది?