వాహనము నోడ కెక్కించుట
ఎత్తిపోతల మొదలు హురుమంజి వఱకు

పలనాడనగానే మెట్టచేలు, నాపరాళ్లు, వీరుల గుడులు మన కన్నులయెదుట నిలుచును. సముద్రము తలంపునకు రాదు. మాచర్ల మీదుగా వచ్చిన చంద్రవంక ఎత్తిపోతలయొద్ద సుమారు 70 అడుగుల యెత్తునుండి దుమికి, లోయవెంట బోయి కృష్ణలో గలియుచున్నది. ఆ నీరు సముద్రమును జేరును గాని, దానిని జూడవచ్చిన మనుష్యుడు మాత్రము తన బండిని గట్టుపైననే నిలుపవలసినవాడు. గుఱ్ఱమైనను, ఏనుగైనను, ఎద్దులబండియైనను, నేటి మోటారైనను నేలయున్నంత వఱకే మనలను మోయును. నీటి యొడ్డునకు రాగానే మోయునది తానే మోయబడు సరకగును. యజమానుని చేతిలోనిది పరుల చేతిలోనికి బోవును. దూరయాత్రలో నింతకంటె జంకు గొల్పు ఘడియ మఱియొకటి లేదు.

మన పెద్దలు ఈ యన్నిటికిని ‘వాహనము’ అను నొక్కమాటనే వాడిరి. ఆ మాటను బట్టియే, నేలత్రోవన బోవు వాహనము నీటినెట్లు దాటెనో, దాటుటకు దాని కేమి కావలసి వచ్చెనో ఈ వ్యాసమున విచారింప దలచితిమి. ఓడ యున్న జాలునని పలువు రనుకొందురు. ఓడకంటె ముందు కావలసినది అభయమని చరిత్ర చెప్పుచున్నది.

ఎత్తిపోతలకు సమీపముననే నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి యుండెను. క్రీ.శ. 3వ శతాబ్దమున బోధిశ్రీయను నుపాసిక యచ్చట వేయించిన శాసనము సుప్రసిద్ధము. సింహళదేశపు థేరుల కొఱకు ఆమె చైత్యగృహమును గట్టించెను. ఆ శాసనముననే కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము మున్నగు దేశముల పేళ్లును, కంటకసేల మహాచైత్యపు తూర్పువాకిట ఆమె కట్టించిన శిలామండపమును గానవచ్చును. ఆ కంటకసేలయే నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాల యని చరిత్రకారులు నిర్ణయించిరి. క్రీ.శ. 2వ శతాబ్దపు యవన భూగోళజ్ఞుడగు టాలెమీ దీనిని వర్తకస్థానముగ బేర్కొనెను. సువర్ణభూమికి బోవు నోడలు తీరమును విడిచి నడిసంద్రమున బడు చోటు ఈ మైసోలియా తీరమునకు సమీపముననే కలదనియు వ్రాసెను. కావున సముద్రము మన పలనాటికి బొత్తిగా పరాయిది గాదు. మన కొండలనడుమ కట్టిన యొక గుడి గోడలలో ఓడత్రోవయు నేలత్రోవయు నొక్కచోట గలిసినవి.

ఇక సముద్రమునకు ముందు నది. వంతెనలు లేని కాలమున కృష్ణను, తుంగభద్రను వాహనములతో దాటుటయే యొక చిన్న సముద్రయానము. సుమారు 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ మన పుట్టులను వర్ణించెను. అవి బుట్టలవలె గుండ్రముగ నుండుననియు, లోపల వెదురు, వెలుపల తోలు గలవనియు, పదునేను మంది మొదలు ఇరువదిమంది వఱకు బట్టుదురనియు వ్రాసెను. అవసరమైనచో గుఱ్ఱములను, ఎద్దులను గూడ వానిలో దాటింపవచ్చును గాని, తఱచుగా ఆ జంతువులు ఈదియే దాటునట. తెడ్డువేయు కొలది పుట్టి గిరగిర దిరుగును గాని తిన్నగా బోదని గూడ నాతడు గమనించెను. పుట్టి యెక్కిన వారెవ్వరును ఈ మాటను కాదనజాలరు.

17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమున దిరిగిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే మఱికొంత వివరముగ జెప్పెను. ఆతని యాత్రాగ్రంథము 1676లో వెలువడెను. ఎద్దుతోళ్లు కప్పిన పుట్టి యడుగున కట్టెలు పఱచి, వానిపై తివాసులు వేసి, తడియకుండ సరకు లుంచెడివారు. బండ్లమాట వేఱు. రెండు పుట్టుల నడుమ బండిని నిలిపి, నొగయు చక్రములును ఆ పుట్టులకు గట్టి తేల్చెడివారు. గుఱ్ఱములను పగ్గము పట్టి యీదించెడివారు. పెరికెయెద్దుల బరువు దింపి నీట దోలిన, అవి తమంతట దామే యావలియొడ్డును జేరెడివి. పుట్టికి నలుగురు మనుష్యులు నాల్గువైపుల నిలిచి తెడ్లు వేసెడివారు. బండిని విప్పుట, కట్టుట, తేల్చుట, మరల దించి యెద్దులను బూన్చుట — ఇదియే నేటి రేవులలో యంత్రములు చేయుపనికి మూలరూపము. మన పలనాటి కృష్ణయొడ్డుననున్న కొల్లూరు గనిని గూడ టావెర్నియే చూచెను. స్త్రీలు, పిల్లలతో గూడ సుమారు 60,000 మంది యచ్చట పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ కొల్లూరు తరువాత పులిచింతల జలాశయపు నీట మునిగినది. కృష్ణయొడ్డున బండ్లను దేల్చిన యా నలుగురి పేళ్లు మాత్రము ఏ గ్రంథమునను లేవు.

నదిలో నేర్పు చాలును. ఆవలియొడ్డు కనబడుచునే యుండును. సముద్రమున నేర్పు చాలదు. గాలి తిరిగినచో ఓడ తనది గాని రేవున బడును. అప్పుడు తీరమునేలు రాజు ఏమి చేయును? దీనికి మన దేశముననే 1244–45లో సమాధానము వ్రాయబడినది. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వీరభద్రాలయమున వేయించిన అభయశాసనమున నుత్తరక్షణము గమనింపదగిన విషయము గలదు. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బోవుచు, తుఫానుచే జెడి, ఒడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానినన్నిటిని పూర్వరాజులు బలాత్కారముగ గైకొనెడివారట. వర్తకులు ప్రాణముకంటెను ధనమే యెక్కువయని యెంచి సముద్రయానమను సాహసమునకు బూనినవారు గాన, వారియందలి దయచేతను, కీర్తిధర్మముల కొఱకును, క్లుప్తమైన సుంకము దప్ప తక్కినదంతయు వారికే విడిచితిమని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము మున్నగువాని సుంకములును శాసనమున వ్రాయబడినవి.

చదువరు లీ జాబితాను మరల నొకపరి చూడవలెను. బంగారమునకు ప్రక్కనే ఏనుగును గుఱ్ఱమును గలవు. అనగా వాహనములు నాడు ఓడకెక్కుచుండెను, పోగొట్టుకొన్నవారును గలరు. రాజు కృపచే విడిచినది కేవలము ధనము గాదు, యాత్రికుని త్రోవ. సుంక మింతయని ముందే తెలిసిన చోటికే సాహసికుడు వచ్చును. ఎంత గుంజుకొందురో తెలియని రేవునకు ఎంత లాభమున్నను రాడు. 1358లో కొండవీటి అనవోతరెడ్డియు అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించుట దీనికి నిదర్శనము. వంశము మాఱినను ఆ మాట మాఱరాదని పాలకులు గ్రహించిరి.

ఆ యభయముయొక్క ఫలము తరువాతి తరమున గానవచ్చుచున్నది. కుమారగిరిరెడ్డి కాలమున కొండవీటికి వస్తుజాతమును దెచ్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. సింహళమునుండి ఏనుగులను, హురుమంజినుండి మేలుజాతి గుఱ్ఱములను దెప్పించినవాడని ఆ గ్రంథమున దిప్పయ కీర్తింపబడెను. హురుమంజి యనగా పారసీకసముద్రపు ముఖద్వారముననున్న హోర్ముజు. అచ్చటి గుఱ్ఱము ఓడనెక్కి, సముద్రముదాటి, రేవున దిగి, నేలత్రోవను కొండవీటికి జేరవలెను. దూరదేశపు నేలత్రోవకు నడుమ నొక సముద్రము వచ్చుటయనగా నిదియే.

వాహనము చేరుటతో పని ముగియునా? వెనిసు యాత్రికుడు మార్కో పోలో 13వ శతాబ్దాంతమున పాండ్యదేశపు గుఱ్ఱముల కథను వ్రాసెను. ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచున్నను, వానిని సాకు తెలివి లేక సంవత్సరాంతమునకు నూఱైనను మిగులవనియు, నాడెములు గొట్టువారును, గుఱ్ఱపువైద్యులును అచ్చట లేరనియు, గుఱ్ఱములు చచ్చిన కొలది బేరము పెరుగును గాన వర్తకులే అట్టివారిని రానీయరనియు జెప్పెను. ఓడలో వాహనమును మాత్రమే పంపి దాని విద్యను పంపనిచో ఏమగునో ఈ కథ చెప్పుచున్నది. నేడు పరదేశమున మోటారు చెడి, దానికి దగిన భాగము దొఱకక త్రోవలో నిలిచినవాని కష్టము దీనికి దవ్వు గాదు.

కాలము మాఱి యంత్రవాహనములు వచ్చినవి. 1957 ఏప్రిల్ 15న లండనులో బయలుదేరిన ‘ఇండియామాన్’ బస్సు జూను 5న కలకత్తా చేరెను. ఆ దీర్ఘయాత్రకును మొదటనే ఇంగ్లీషు చానలను నీటిగండి దాటవలసివచ్చెను. 1968 నవంబరు 24న లండనునుండి సిడ్నీకి 98 కారులు పందెమున బయలుదేరినవి. పారిసు, ఇస్తాంబులు, టెహరాను, కాబూలు, ఢిల్లీల మీదుగా బొంబాయికి జేరినవి సుమారు 70 మాత్రమే. అచ్చట వానిని ‘చూసాన్’ అను నోడ కెక్కించి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిలు రేవున దింపిరి. అచ్చటినుండి మరల నేలత్రోవను బోయి డిసెంబరు 17న సిడ్నీ చేరిరి. హిల్మన్ హంటరు కారును నడపిన ఆండ్రూ కోవన్ గెలిచెను. రాత్రింబవళ్లు ఒకరినొకరు మించ బర్వులెత్తినవారు ఓడపై నున్నన్ని దినములు ఒక్కటే వేగమున బోయిరి. సముద్రమున నెవడును ముందువాడు గాడు.

అమెరికాఖండములను ఉత్తరమునుండి దక్షిణమునకు నేలత్రోవను దాటదలచినవారికిని ఇట్టి గండియే గలదు. పనామాకును కొలంబియాకును నడుమ డేరియెను అడవిలో సుమారు 100 కిలోమీటర్ల మేర రాజమార్గము లేదు. యాత్రికులు వాహనమును పనామారేవున ఓడకెక్కించి కొలంబియా రేవున దించుకొందురు. పడమటికి బోదలచిన భారతీయులలో గొందఱును సరిహద్దు చిక్కులవలన వాహనమును గల్ఫు రేవులకు ఓడలో బంపి, అచ్చటినుండి నేలత్రోవ పట్టిరి. హోర్ముజు ద్వీపమునకు ఎదుటనే నేటి బందర్ అబ్బాస్ రేవు గలదు. ఒకనాడు గుఱ్ఱములు మనవైపునకు వచ్చిన నీటిత్రోవయే నేడు మన వాహనములకు ఎదురుత్రోవ యైనది.

ఎక్కించువిధము రెండు తెఱగులు. ఇనుపపెట్టె యగు కంటైనరులో వాహనమును నిలిపి, చక్రములకు అడ్డుకట్టెలు వైచి, పట్టెలతో బిగించి, బ్యాటరీతీగ విప్పి, తలుపునకు ముద్రవేయుట యొకటి. ఓడకడుపులోనికి వాహనమును నడిపించుకొనిపోయి నిలుపుట రెండవది. ఇందు తాళపుచెవి పరులకీయక తప్పదు, కావున లోపల విలువగల వస్తువు లుంచరాదు. ఆస్ట్రేలియావంటి దేశములకు బోవునపుడు చక్రములసందులలోని మట్టిని సహితము కడిగి పంపవలెను; పరదేశపు విత్తులు, పురుగులు తమ పొలములకు సోకునని వారి భయము. సరకుపత్రము, బీమాపత్రము యజమానునియొద్ద నుండవలెను. ఓడను గాపాడుటకై కొంత సరకును సముద్రమున బడవైచినచో ఆ నష్టమును ఓడవారును, తక్కిన సరకులవారును అందఱును పంచుకొనవలెనను ప్రాచీనన్యాయము నేటికిని గలదు. తన వాహనము చెక్కుచెదరకున్నను, తన వంతు చెల్లించు వఱకు దానిని విడువకపోవచ్చును. బీమాలేనివాడు ఇచ్చటనే చిక్కుపడును.

అన్నిటికంటె ముఖ్యమైనది ‘కార్నె’ యను పుస్తకము. వాహనము పరదేశమున అమ్మబడక మరల వెలికి బోవునని, పోనిచో సుంకము చెల్లింతుమని ఒక మోటారుసంఘము ఇచ్చు పూచీ యది. ప్రవేశమున నొకముద్ర, నిష్క్రమణమున నొకముద్ర పడవలెను. వెలుపలిముద్ర మఱచినచో వాహనము ఇంటిముంగిట నున్నను సుంకపు తాఖీదు రావచ్చును. ఇట్టి వాహనముల తాత్కాలికప్రవేశమును గూర్చి 1954లో న్యూయార్కున దేశములు ఒడంబడిక చేసికొన్నవి. మోటుపల్లి శాసనమున రాజు తన రేవునకు మాత్రమే అభయమిచ్చెను; ఈ పుస్తకమున అనేకదేశములు ఒకరికొకరు అభయమిచ్చుకొన్నవి. భేద మింతే. శాసనము రాతిపై నున్నది, కార్నె కాగితముపై నున్నది. రెండింటి ప్రాణమును ఇచ్చిన మాటను నిలుపుటయే.

ఈ పూచీ ఒక్క మనుష్యుని పేరిట చెల్లదు. ఎంత ధనవంతుడైనను పరదేశపు సుంకపుకచ్చేరికి ఆతడు అపరిచితుడే. ఆతని నెఱిగిన సంఘము, ఆ సంఘము నెఱిగిన మఱియొక దేశపు సంఘము వరుసగ నిలిచి మాట చెప్పినగాని ద్వారము తెఱవబడదు. రాజుల కాలమున వర్తకులు శ్రేణులుగ గూడి తిరుగుటకును ఇదియే కారణము. సంఘములన్నియు సమావేశములకును సన్మానములకును మాత్రమే యేర్పడినవి గావు. తనవాని మాటకు తాను పూచీపడుటయే వాని మొదటిపని. పూచీపడిన సంఘమునకు నష్టము కలిగింపకుండుట సభ్యుని మొదటి ధర్మము. ఒకడు ముద్రలేక వాహనమును విడిచివచ్చినచో తరువాత బోవు పదిమందికి ద్వారము మూయబడును.

నేడు నాగార్జునకొండను జూడబోవువారు విజయపురి దక్షిణపుగట్టున తమ వాహనములను విడిచి లాంచి నెక్కుదురు. 1955లో శంకుస్థాపన జరిగిన ఆనకట్టవలన లోయ మునుగునని, అచ్చటి ప్రాచీన కట్టడములలో గొన్నిటిని కొండపైకి జేర్చి కాపాడిరి. రాళ్లుసహితము దాటవలసిన నీరు దాటినవి. మన యువకులలో దూరదేశములకు వాహనములతో బోదలచినవా రున్నచో, యంత్రమును సవరించుకొన్నంత శ్రద్ధతోనే పత్రములను సవరించుకొందురు గాక. తమకు పూచీపడినవారి మాటను తమ వాహనముకంటె విలువైనదిగ నెంచి, వెలుపలిముద్ర వేయించుకొని క్షేమముగ నింటికి వత్తురు గాక.