రామగిరి ఖిలా – ఒక వియ్యం కథ

మంథని ప్రాంతంలోని రామగిరి ఖిలా మన కాటారం వారికి కొత్త కాదు. అయితే ఆ ఖిలా ఒకప్పుడు ఒక ఆడబిడ్డ పెండ్లి ఒప్పందంలో చేతులు మారిన సంగతి కొద్దిమందికే తెలుసు.

1656లో మొగల్ షాజాదా ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినాడు. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం స్వయంగా మొగల్ దండుకు పోయి రాజీ మాట్లాడింది. సుల్తాను తన కుమార్తెను ఔరంగజేబు పెద్దకొడుకు మొహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి నిఖా చేయుటకు, కోటి రూపాయలు చెల్లించుటకు, రామగిరి ఇలాఖాను వదులుకొనుటకు ఒప్పుకొన్నాడు. సుల్తానుకు కొడుకులు లేరు గనుక తరువాత గద్దె ఆ అల్లునికే అని లోపల మరో మాట కూడా అనుకున్నారు.

ఇంత ఇచ్చి కొన్న వియ్యం ఏమి మిగిల్చింది? 1659లో ఆ అల్లుడు తండ్రిని విడిచి, తండ్రితో పోరాడుతున్న పెదతండ్రి షా షుజా పక్షం చేరి, ఆయన బిడ్డను కూడా పెండ్లాడినాడు. తిరిగి వచ్చినా తండ్రి క్షమించలేదు. 1676లో ఖైదులోనే కన్నుమూసినాడు. ఇక్కడ 1672లో అబ్దుల్లా చనిపోగానే మిగిలిన ఇద్దరు అల్లుళ్లు గద్దె కోసం తగవు పడ్డారు. చిన్నల్లుడు అబుల్ హసన్ తానాషా గెలిచినాడు. చివరకు 1687లో గోల్కొండను పట్టుకొని ఆ తానాషాను ఖైదు చేసినది ఎవరు? స్వయంగా అబ్దుల్లా వియ్యంకుడైన ఔరంగజేబే!

రాజుల సంగతి మనకెందుకు అనవద్దు. మన ఇండ్లల్లో ఖిలాలు లేవు గాని జోడా పైసలు, బండి, జహేజ్ సామాను ఉన్నవి. భయపడి ఒకసారి ఇస్తే అడిగే నోరు ఆగదు. షరీఅత్‌లో మహర్ ఇవ్వవలసినది వరుడు, అది వధువు సొత్తు. 1961 చట్టం ప్రకారం కట్నం అడుగుట, ఇచ్చుట, పుచ్చుకొనుట నేరమే.

హద్దు అంటే తెగతెంపులు కాదు. అత్తామామలను కోడలు గౌరవించాలె. వారు ఆమె పుట్టింటిని లెక్కలు అడుగరాదు. బిడ్డ తల్లిదండ్రులు ఆమె కష్టం తప్పక వినాలె, కాని ఆ సంసారంలో ప్రతి చిన్న మాటకూ తీర్పు చెప్పరాదు. కొట్టడం, డబ్బు కోసం వేధించడం జరిగితే మాత్రం మౌనం సబర్ కాదు. బిడ్డను వెంటనే ఇంటికి తెచ్చుకోవాలె.

సంబంధం కలిపే రోజే పెద్దల ముందు ఈ మాటలు తేల్చుకొనుట మంచిది. రామగిరిని ఇచ్చిన సుల్తాను వంశానికి ఆ వియ్యం ఆపదలో అక్కరకు రాలేదు. మన బిడ్డలకు అక్కరకు వచ్చేది ఇచ్చిన సొమ్ము కాదు, నిలిపిన మర్యాద.