జర్మనీ బాలసంక్షేమ కేసులు: దొరకని దస్త్రాల చరిత్ర

జర్మనీలో కన్నవారి దగ్గర ఉండే వీలులేని పిల్లల బాగోగులు యూగెంటాంట్ అనే స్థానిక బాలసంక్షేమ కార్యాలయం చూస్తుంది. ఈ కార్యాలయాలకు పునాది 1922 నాటి చట్టం. బిడ్డను ఎందుకు తీసుకొచ్చారు, ఎక్కడ ఉంచారు అన్నదంతా అధికారులు రాసిన ఫైల్లో ఉంటుంది. ఆ బిడ్డ పెద్దయి న్యాయం అడిగినప్పుడు ముందుగా కావలసింది ఆ ఫైలే.

1949-75 మధ్య పశ్చిమ జర్మనీ హోముల్లో 7 నుంచి 8 లక్షల మంది పిల్లలు పెరిగారు. వాళ్లు తిన్న దెబ్బల గురించి, కూలి లేకుండా చేసిన చాకిరీ గురించి పాత్రికేయుడు పీటర్ వెన్సియెర్స్కీ 2006లో పుస్తకం రాశాక దేశం కదిలింది. రాజకీయ నాయకురాలు ఆంట్యె ఫోల్మర్ అధ్యక్షతన విచారణ సభ 2009లో మొదలై, మరుసటి ఏడాది చివర నివేదిక ఇచ్చింది. అప్పటికే ఎన్నో ఫైళ్లు గడువు తీరిందని ధ్వంసమయ్యాయి. కొన్ని హోములు మూతపడ్డాయి. దావా వేసే కాలపరిమితీ దాటిపోయింది. దత్తత ఫైలును నేడు బిడ్డ పుట్టిన నాటి నుంచి 100 ఏళ్లు దాచాలి. హోము పిల్లలకు అంతటి రక్షణ లేకపోవడం అన్యాయమే. 2012లో ఏర్పడిన సహాయనిధి మాత్రం పూర్తి రుజువు అడగలేదు, నమ్మదగిన కథనం ఉంటే చాలంది.

ఈ ఆలోచనకు మూలం యుద్ధంలో ఉంది. బాంబుదాడుల్లో కాగితాలు కాలిపోయిన యుద్ధబాధితుల కోసం 1955 నాటి చట్టం 15వ సెక్షన్ ఒక దారి చూపింది: తన తప్పు లేకుండా పత్రాలు పోతే, పరిస్థితులను బట్టి నమ్మదగినదైన దరఖాస్తుదారు మాటనే ఆధారంగా తీసుకోవాలి. 1976 నుంచి ఇది హింసాత్మక నేరాల బాధితులకూ వర్తించింది. చిన్ననాడు నాలుగు గోడల మధ్య హింసకు గురై, నిందితుడు తప్ప వేరే సాక్షి లేనివారికీ ఇది వర్తిస్తుందని సమాఖ్య సామాజిక న్యాయస్థానం 2013లో తేల్చింది. 2024 నుంచి ఇదే నియమం సామాజిక స్మృతి 14వ గ్రంథంలో ఉంది. సివిల్ దావాల్లో ప్రత్యర్థికి అందకూడదని ఎవరైనా పత్రాన్ని మాయం చేస్తే, అందులో ఏముందని ప్రత్యర్థి చెబుతాడో అదే రుజువైనట్టు కోర్టు భావించవచ్చు.

తూర్పు జర్మనీ ప్రత్యేక హోముల్లో, అంటే టోర్గౌ లాంటి చోట్ల, బంధించిన పిల్లల విషయంలో, అక్కడి రాజకీయ బాధితులకు న్యాయం చేసే చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఇంకా ముందుకెళ్లింది. అక్కడికి పంపడమే రాజకీయ వేధింపు వంటి అక్రమ కారణంతో జరిగిందని కోర్టు ముందుగా అనుకోవాలి.

ఫైళ్లు పోవడం పాతకాలపు సంగతి మాత్రమే కాదు. ల్యూగ్డె పట్టణంలో పిల్లలపై జరిగిన లైంగిక హింస కేసులో ఒక యూగెంటాంట్ ఉద్యోగి ఫైలును మార్చినట్టు 2019లో బయటపడింది. అదే కేసులో పోలీసుల దగ్గరున్న 155 సీడీలు, డీవీడీలు మాయమయ్యాయి. అయినా డెట్‌మోల్డ్ కోర్టు ఆ సెప్టెంబరులో ఇద్దరు ప్రధాన నిందితులకు 13, 12 ఏళ్ల జైలు విధించింది.

2025 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం, బాల్యంలో తమకు జరిగినదాన్ని తెలుసుకోవాలనుకునేవారికి తమ ఫైలు చూసే హక్కు ఇచ్చింది.