లోహానికీ ఉంది పదవీ విరమణ



కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన 1953లోనే హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం నుండి కాలువలకు నీరు వదిలారు. డ్యాంకు 33 గేట్లు, ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఎల్లెల్సీ నీరు కర్నూలు జిల్లాకు, హెచ్చెల్సీ నీరు అనంతపురం మీదుగా కడప జిల్లాకు చేరుతుంది. ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొనుక్కొన్న కె.సి. కెనాల్‌కు కూడా ఈ నదే ఆధారం.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. కరువు సీమకు దాచిన నీరు కళ్ళ ముందే ఏటిపాలైంది. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో, పారే నీటిలోనే ఇనుప పలకలు దించి వారం రోజుల్లో అడ్డుకట్ట వేశారు. ఆ పనివారికి సీమ రైతు ఋణపడి ఉన్నాడు. తర్వాత నిపుణులు 33 గేట్లూ మార్చాలని సూచించారు.

ఇనుము ఎన్నాళ్ళు మన్నుతుందో ముందే చెప్పగలమా? ఈ ప్రశ్న పాతదే. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ వద్ద రైలు ఇంజను ఇరుసు విరిగి ఎందరో మరణించారు. తర్వాత జర్మనీలో వోలర్ అనే ఇంజనీరు ఇరుసులను ఏళ్ళ తరబడి పరీక్షించి, ఒక్కసారికి విరగని బరువు కూడా లక్షల సార్లు పడితే విరుస్తుందని నిరూపించాడు. దీనినే లోహపు అలసట అంటారు.

1960 దశకంలో అమెరికాలో పాల్ పారిస్ దీనికి లెక్క కట్టాడు. పగులు ఇప్పుడెంత ఉంది? ఎంతకు పెరిగితే విరుగుతుంది? బరువు పడిన ప్రతిసారీ ఎంత పెరుగుతుంది? ఈ మూడూ తెలిస్తే మిగిలిన ఆయుష్షు తేలుతుంది. ఒత్తిడిలో హెచ్చుతగ్గులు రెండింతలైతే, ఉక్కులో పగులు పెరిగే వేగం సుమారు ఎనిమిదింతలవుతుంది. తుప్పు తోడైతే ఇంకా త్వరపడుతుంది. పగులు చిన్నదిగా ఉన్నప్పుడు నెమ్మదిగా, పెద్దదయ్యాక వడివడిగా సాగుతుంది. అందుకే తనిఖీ ముందే జరగాలి.

మనం ఏటేటా బ్రతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే గాని పింఛను రాదు. లక్షల ఎకరాలకు ఆధారమైన గేట్లకు, గొలుసులకు, వంతెనలకు కూడా అటువంటి సర్టిఫికెట్, ఒక సర్వీసు రిజిస్టరు ఉండాలి. మన పిల్లలలో ఇంజనీర్లైనవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మనవి.